ఎడమ చెవి

కుప్పకు కప్పిన ప్లాస్టిక్ పరదా మీద నిలిచిన మంచును పక్కకు ఒలికించి, జయరాజ్ దాన్ని కళ్ళం గట్టుకు ఈడ్చాడు. కింద ఉడికి ఆరుతున్న పసుపు కొమ్ములు పిడికిట్లో ఇంకా పచ్చిగా తగిలాయి. పాదాలతో చాళ్ళు తీస్తూ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడవడం మొదలుపెట్టాడు. కొమ్ము ఒకసారి తిరగేస్తే ఎండదు. రోజూ తిరగెయ్యాలి, పదిహేను రోజులు. యాభై ఆరేళ్ళ మనిషి. గోళ్ళ సందుల్లో, మడమల పగుళ్ళలో పసుపే. పెళ్ళికొడుకు పసుపు మూడు రోజుల్లో పోతుంది, కూలివాడిది పోదు.

"ఏం జయరాజన్నా, నాలుగోసారి ఎప్పుడే?" పక్క కుప్ప దగ్గరి నుంచి ఎంకటి అరిచాడు.

"ఏందిరా?"

"గదే, మారుమనస్సు. మూడైనయ్ గద. జర ముందుగాల చెప్పు, నేను గూడ వస్త. బగార అన్నం పెడ్తరట."

"నువ్వొస్తే దేవునికి మిగిలేటియి ఖాళీ గిన్నెలే. పని చూడు."

ఎంకటి నవ్వాడు. జయరాజ్ నవ్వలేదు. ఆర్మూర్‌లో ఆ మాట అనని వాడు లేడు.

కల్లు మానేస్తానని మూడుసార్లు చర్చిలో అందరి ముందు మోకాళ్ళ మీద పడి ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు. దేవుడి ముందు ఏడవడం తేలికే, కల్లు కాంపౌండు ముందు నుంచి నడిచి పోవడమే కష్టం. మొదటి మొక్కు రెండు నెలలు నిలిచింది. రెండోది పసుపు తవ్వకాల దాకా.

ఆ రెండోది చెడిన కొత్తలోనే ఒక ఆదివారం పాస్టర్ దయాకర్ హోషేయ ప్రవక్త సంగతి ఎత్తుకున్నాడు. ఇశ్రాయేలు వాళ్ళ భక్తి పొద్దెక్కగానే విడిచిపోయే మంచులాంటిదని దేవుడు అన్నాడట. కళ్ళంలో బతికే వాడికి మంచు తొందరగా విడిస్తే అంతకన్నా మేలేముంది? మెచ్చుకున్నాడే అనుకుని జయరాజ్ గొంతెత్తి "స్తోత్రం!" అన్నాడు. చర్చి అంతా గొల్లుమంది. నవ్వనిది ఒక్క ఎస్తేరమ్మే, అతని భార్య. అది మెప్పు కాదు, నిలవని భక్తిని తిట్టడమని ఇంటికొచ్చాక ఆమే విడమర్చి చెప్పింది. ఆ సాయంత్రం తాగి వచ్చి ఆమె ఎడమ చెంప మీద కొట్టాడు. చెవిలోంచి సన్నగా నెత్తురు కారింది. ఆ చెవికి మళ్ళీ వినపడలేదు. ఆమె జక్రాన్‌పల్లిలో ఒక గది తీసుకుని, బీడీలు చుట్టుకుంటూ వేరే బతికింది.

మూడోసారి ఏడ్చాక ఆ గది ముందుకు వెళ్ళి, "మారిన ఎస్తేరూ, ఒట్టు," అన్నాడు.

"నీ మాట ఇనే చెవును నువ్వే పాడు జేస్తివి. ఇగ నాకేం చెప్పకు," అంది ఆమె.

ఆ ఒట్టు తొమ్మిది రోజులుంది.

ఆ తర్వాత ఎవరికీ ఏమీ చెప్పలేదు. సాక్ష్యం లేదు, ఏడుపు లేదు. పొద్దున పరదా తీసేటప్పుడు "దేవా, గియ్యాల్టికి తాగకుంట జూడు" అనుకునేవాడు, అంతే. అలా పద్నాలుగు నెలలు చుక్క ముట్టలేదు. మధ్యాహ్నం ఎంకటి సీసా మూత తీస్తే ఆ వాసన అందని చోటికి, ఎండలోకి జరిగి అన్నం తినేవాడు. ఈ రోజూ అలాగే తిన్నాడు.

పొద్దు వాలాక కుప్పల మీద పరదా కప్పి బస్సెక్కాడు. ఎస్తేరమ్మకు మోకాళ్ళు పట్టేశాయని విన్న నాటి నుంచి, రోజూ వెళ్ళి వీధి నల్లా నీళ్ళు మోసి ఆమె గుమ్మం ముందరి గోళెం నింపి వస్తున్నాడు. మొదటి నెల అతని కళ్ళ ముందే ఒంపేసేది. తర్వాత ఒంపడం మానింది. ఈ పది రోజులుగా గడపలో కూర్చుని, తల నిండా కొంగు కప్పుకుని, ఎడమ వైపు అతనికి పెట్టి బీడీలు చుడుతోంది. చచ్చిన చెవిని నా దిక్కు పెట్టింది, న్యాయమే, అనుకున్నాడు. 'తప్పు జేసిన' అన్న మాట నోటి దాకా వచ్చేది. చెప్పొద్దంది గదా అని మింగేవాడు.

ఈ రోజు గడపలో ఎవరూ లేరు. పక్కింటి గంగమణి గది ఊడుస్తోంది.

"అన్నా..." చీపురు వదిలేసింది. "పొద్దుగాల ఆకు నానవెట్టుకుంటనే ఒరిగిపోయింది. డాక్టర్ వచ్చేవరకే పానం లేదు. ముప్కాల్ నుంచి ఆమె తమ్ముడొచ్చి తీస్కపోయిండు. మట్టి గూడ అయిపోయిందట. నీ నంబర్ ఎవ్వరి తాన లేకపాయె."

ముప్కాల్ పోయే బండి ఆర్మూర్ మీదుగానే పోతుంది. అప్పుడతను కొమ్ములు తిరగేస్తూ ఉండి ఉంటాడు.

జయరాజ్ బకెట్ తీసుకుని నల్లా దగ్గరికి నడిచాడు.

"ఎవ్వరికే అన్నా, గా నీళ్ళు?"

అతను గోళెం అంచు దాకా నింపాడు.

గంగమణి లోపలికి పోయి చిన్న డబ్బా తెచ్చింది. "గిది మర్చిపోయిండ్రు. పది రోజుల కింద క్యాంపుల చెవి మిషన్ ఇచ్చిండ్రు. పొద్దంత డబ్బలనే ఉండేది. నువ్వొచ్చే యాళ్లకు ఎడమ చెవుల పెట్టుకొని కొంగు గప్పుకునేది. నువ్వు పోంగనే తీసేది. 'గియ్యాల గూడ ఏమనలే పిల్లా' అన్నది నిన్న."

జయరాజ్ గడప మీద కూర్చున్నాడు. డబ్బా తెరిచి, చిక్కుడు గింజంత ఉన్న గోధుమ రంగు మిషన్‌ను అరచేతిలోకి తీసుకున్నాడు. గుప్పిట మూస్తే అది సన్నగా ఈల వేసింది. తెరిస్తే ఆగింది. దాన్ని ఆపి పెట్టడం నిన్న ఆమె మర్చిపోయినట్టుంది, మిషన్ ఇంకా ఆన్‌లోనే ఉంది.