బుట్టలో ఆమె చెత్త

పొద్దున్నే చెత్తబండి ఈల వినపడగానే లేత్ మిషన్ మేస్త్రి బుట్ట పట్టుకుని మెట్లు దిగాడు. బుట్టలో నారింజ తొక్కలు, చిక్కుడు ఈనెలు, దువ్వెనలోంచి తీసిన పొడుగాటి వెంట్రుకల ఉండ. మేస్త్రికి నారింజ పడదు. తలమీద జుట్టూ లేదు.

"వదినకి ఒంట్లో బాగానే ఉన్నట్టుందన్నా," అంది బండి ఆవిడ, బుట్ట బోర్లిస్తూ.

"బాగుండక ఏం? తమ్ముడింట్లో మహారాణి," అన్నాడు మేస్త్రి.

భార్య అలిగి తమ్ముడింటికి వెళ్లాక వానాకాలం మొత్తం గడిచిపోయింది. బొంత కుడదామని ఆమె ఏళ్ల తరబడి దాచుకున్న పాతగుడ్డల మూటని, ఇల్లు ఇరుకవుతోందని ఈయన బండిలో పడేశాడు. అందులో ఆమె తల్లి చీర ఉంది. చూసుకోలేదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాటే గొంతు దాటలేదు. అప్పట్నుంచి, ఆమె అక్కడ పారేసిన చెత్త పొద్దుటికల్లా ఇక్కడ బుట్టలో తేలుతోంది. బఠాణీ తొక్కలు కుప్పగా వచ్చిన రోజున, "ఇంటిల్లిపాదికీ నువ్వే వలుస్తున్నావా?" అని బుట్టనే అడిగేవాడు. ఆ గదిలో అతను పలకరించేది దాన్నొక్కదాన్నే.

తర్వాత తొక్కలు తగ్గాయి. మాత్రల అట్టలు మొదలయ్యాయి. ఒకరోజు ఖాళీ అట్ట తప్ప ఇంకేమీ లేదు.

"ఇంటినిండా మనుషులు. ఒక్కరూ తినమని చెప్పరా దీనికి?" అన్నాడు మేస్త్రి.

బండి ఆవిడ బుట్ట అందుకోలేదు. "నన్నడిగితే ఏం లాభమన్నా?"

మేస్త్రి పనికి పోయే బస్సు వదిలేసి, బావమరిది ఇంటివైపు పోయే బస్సెక్కాడు.

తలుపు ఆమే తీసింది. చెంపలు పీక్కుపోయి ఉన్నాయి.

"తిండి మానేసి మాత్రలు మింగుతావా?"

"మీరు మాత్రం? మూడుపూటలా బన్ను కాగితాలేగా! రోజూ మా బుట్టలో అవి చూసి చూసి నాకు ముద్ద దిగితేనా?"

లోపల్నుంచి ఆమె మరదలు కేకేసింది. "మా బుట్టలోకొచ్చే ఆ లేత్ ఇనప రజను మోయలేక నా నడుం పోయింది వదినా! ముందు అన్నయ్యగారికి ఇంత అన్నం పెట్టు."

మేస్త్రి వంగి చెప్పులు విప్పుతూ, నేలకేసి చూస్తూనే అన్నాడు. "మీ అమ్మ చీర... చూసుకోకుండా పడేశాను. తప్పే."

ఆమె రెండు కంచాలు పెట్టింది. ఎదురుగా కూర్చుని తనూ కలుపుకుంది. తిన్నాక రెండు కంచాల్లో మెతుకులూ ఒకే బుట్టలో దులిపి, తన బట్టల సంచి ఎక్కడ పెట్టావని మరదల్ని అడిగింది.