వేళ్ళకు పట్టిన జిగురు

కంట్రాక్టరు మనిషి యంత్రం తొండం దించగానే జమ్ము దుబ్బు ఒకటి వేళ్ళతో సహా పైకి లేచింది. గట్టు మీద నిలబడ్డ కుట్టుమిషను అక్కకు ఎవరో తన జుట్టు పట్టుకుని లాగినట్టయింది.

ఆ వాడలో గిన్నెలు కడిగిన నీళ్ళు, బట్టల నీళ్ళు, స్నానాల నీళ్ళు అన్నీ వీధిలో పారి చివరికి బావిలోకే ఇంకేవి. పిల్లలకు విరేచనాలు. కాలువ వేయమని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగాయి. చివరికి గొట్టాలు బిగించే మామయ్య మాట విని వాడంతా కలిసి గుంట తవ్వింది. అందులో కంకర పోసి, జమ్ము నాటింది. ఈ కొసన నల్లగా దిగిన నీళ్ళు ఆ కొసన తేటగా వచ్చేవి. బావి బతికింది.

అప్పుడు ఆ జాగా మీద కంట్రాక్టరు కన్ను పడింది. గిడ్డంగి కడతాడట. దోమల గుంట అని ఫిర్యాదు పెట్టాడు. సర్కారు ఇంజనీరు వచ్చి చూస్తానన్నాడు. నీళ్ళు తేటగా వస్తే గుంట ఉంటుంది, లేదంటే పూడుస్తారు.

ఇంజనీరు వస్తున్నాడంటే ఆడవాళ్ళకు కాలు నిలవలేదు.

"ఆ వేళ్ళకు జిగురు చూశావుటే? చీమిడి కారినట్టుంది! వీళ్ళకు శుభ్రం తెలీదనడూ?" అంది పాలమ్మే పెద్దమ్మ.

"అయితే పట్టండి చేతులు," అంది అక్క.

కంకరంతా తోడి సబ్బు పెట్టి తోమారు. వేళ్ళను పసిపిల్లలకు తలంటినట్టు కడిగి మళ్ళీ నాటారు. ఇంజనీరు వచ్చేసరికి రెండు కొసలా నలుపే. ఒకటే కంపు.

పొరుగూరి పని నించి అప్పుడే వచ్చిన మామయ్య కంకర తడిమి నెత్తి పట్టుకున్నాడు. "ఎవరు తోమారమ్మా? మురికిని తినేది ఆ జిగురే కదా!"

"ముందే చెప్పి చావొచ్చుగా?" అంది పెద్దమ్మ.

"గుంటను కూడా తోముతారని కలగన్నానా తల్లీ!"

జిగురు మళ్ళీ పట్టేదాకా ఆగమని అక్క బతిమాలింది. "నేను చూసింది నల్లనీళ్ళు. అదే రాస్తాను," అని ఇంజనీరు జీపెక్కాడు.

ఇదిగో, ఇవాళ యంత్రం వచ్చింది.

"మన చేత్తో మనమే చంపుకున్నామే," అని పెద్దమ్మ ఏడ్చింది.

"తోమింది మనమే, కాదనను. కాలువ వేయనిది మనమా? జాగా వాడికిచ్చింది మనమా?" అంది అక్క.

అక్క చీర కుచ్చెళ్ళు ఎగదోపి గుంటలోకి దిగింది.

"ఉండవే, నా మోకాళ్ళనడిగి దిగాలి," అంటూ పెద్దమ్మ దిగింది. వెనకే మిగతా ఆడవాళ్ళు.

పోలీసులు ముక్కులు మూసుకుని వచ్చారు. జబ్బలు పట్టి ఈడ్చి వ్యానెక్కించారు. వాళ్ళ కళ్ళముందే యంత్రం గుంటను చదును చేసింది. అరిచి అరిచి గొంతులు పోయాయి. యంత్రానికి చెవులుండవు.

సాయంత్రం మామయ్య స్టేషనుకు వచ్చాడు. అక్క ఊచలు పట్టుకుని అడిగింది. "గుంట?"

"లేదు."

"మరి ఇళ్ళ నీళ్ళు మళ్ళీ బావిలోకేనా?"

"ఒక్కరూ వీధిలో పోయలేదమ్మా. బక్కెట్లకు, డబ్బాలకు పట్టారు. మొగుళ్ళు, అత్తలు, పిల్లలు, పక్కవాడ వాళ్ళు అందరూ మోసుకెళ్ళి కంట్రాక్టరు గేటు ముందు వరసకట్టారు. ఇవి ఎక్కడ పోయాలో చెప్పమంటున్నారు."

కానిస్టేబులు కుర్చీలోంచి లేచాడు. "పోసేశారా ఏమిటి?"

"ఇంకా లేదు బాబూ," అన్నాడు మామయ్య.