ముందే చెప్పేసిన సాక్ష్యం

బల్లార్షాలో ఉన్నన్నాళ్లు ఏలియాను అందరూ తెలుగోడనేవారు. మన భాష మాట్లాడే చోటికి పోతే ఆ తిప్పలు ఉండవని భార్యను, బిడ్డను తీసుకుని శ్రీరాంపూర్ వచ్చి వెల్డింగ్ షాపు పెట్టుకుంటే, ఇక్కడివాళ్లు మరాఠోడనడం మొదలుపెట్టారు. రెండు చోట్లా పరాయివాడు కావాలంటే కొంత తెలివి ఉండాలి, అది నాకు దండిగా ఉందని ఏలియా తనను చూసి తానే నవ్వుకునేవాడు.

అట్లాంటివాడిని ఒకరోజు బడికి పిలిపించి, అతని కూతురు మహిమకు ఏ పని మీదా మనసు నిలవడం లేదని చెప్పింది టీచరు నర్మద. చేస్తున్న లెక్కను సగంలో వదిలేసి కిటికీ దగ్గరికి పోతోందట. తెలివికేం లోటు లేదు, ఒకసారి కరీంనగర్‌లో పిల్లల మనసు డాక్టరుకు చూపించమంది. ఏలియాకు కూతురి కంటే ముందు ఊరు గుర్తొచ్చింది. బయటి నుంచి వచ్చినోళ్లకు పెంపకం తెలియదంటారు. మనసు డాక్టరంటే పిచ్చి డాక్టరనుకుంటారు. రేపు పిల్లనెవరు చేసుకుంటారు? మూడో తరగతి పిల్ల పెళ్లి దాకా ఆలోచించాడు గానీ, రేపు మళ్లీ అదే బడికి పోవాల్సిన పిల్ల గురించి ఆలోచించలేదు.

డాక్టరు దగ్గరికే పోదామంది భార్య క్యాథరిన్. ఏలియా పాస్టరయ్య దగ్గరికి పోయాడు. ఆయన మంచివాడు. ప్రార్థన చేద్దాం, డాక్టరుకూ చూపించు అన్నాడు. ఏలియా మొదటి సగమే విన్నాడు. సంఘంలోని ఆడవాళ్లు పాపం ఉపవాసాలుండి వాళ్లింటికొచ్చి ప్రార్థించారు. వాళ్లు కళ్లు మూసుకున్న ప్రతిసారీ మహిమ గడప బయటికి పోయి చెప్పుల జతలన్నీ కలిపేసి వచ్చింది.

ఇంతలో కృతజ్ఞత ఆదివారం వచ్చింది. దేవుడి వల్ల మేలు పొందినవాళ్లు ఆ రోజు చర్చిలో లేచి అందరి ముందు సాక్ష్యం చెప్పాలి. మేలు ఇంకా అందకపోయినా అందినట్టే నమ్మి చెబితే అది ఇంకా గొప్ప విశ్వాసమని కొందరి లెక్క. మహిమ ఎన్నడూ లేనిది తల్లి ఒళ్లో తలపెట్టి కదలకుండా పడుకుంది. ఆడవాళ్ల వైపు నుంచి క్యాథరిన్ పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి ఏలియాకు సైగ చేసింది. పిల్ల ఒళ్లు కాలిపోతోంది, ఇంటికి పోదామని ఆమె గోల. లేచి సాక్ష్యం చెప్పమంటోందని ఈయన అనుకున్నాడు. లేచి, దేవుడు తన బిడ్డను ముట్టి బాగుచేశాడని, ఇప్పుడు గొర్రెపిల్ల లాగా ఎంత నిమ్మళంగా ఉందో చూడమని చెప్పాడు. సంఘమంతా స్తోత్రం అంది. బయటికొచ్చాక సంఘ పెద్ద రాయమల్లు భుజం మీద చెయ్యేసి ఏలియన్నా అని పిలిచాడు. ఆ ఒక్క పిలుపుకు ఏలియా కాళ్లు నేల మీద నిలవలేదు. రెండు రోజుల్లో జ్వరం తగ్గింది, గొర్రెపిల్ల మళ్లీ గోడెక్కింది.

ఇప్పుడు డాక్టరు దగ్గరికి పోతే సాక్ష్యం అబద్ధమవుతుందని, దేవుడి పరువు పోతుందని ఏలియా పట్టుబట్టాడు. దేవుడి పరువుకు ఏ ఢోకా లేదు, నీ సంగతి చూసుకోమంది క్యాథరిన్. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఏలియా పిల్లను వెనక వరసలో కూర్చోబెట్టుకుని, ఆమె మోకాలి మీద చెయ్యి అదిమిపెట్టి ఉంచేవాడు. ప్రసంగం ఒక్క ముక్క వినలేదు. సాక్ష్యానికి కాపలా కాయడంతోనే సరిపోయింది.

ఒక సాయంత్రం మహిమ షాపులో స్టూలు మీద కూర్చుని బైబిలు వాక్యం కంఠతా పడుతోంది. ఎన్నిసార్లు మొదలుపెట్టినా సగం దగ్గర జారిపోతోంది. చివరికి పుస్తకం మూసి అడిగింది.

"బాపూ, దేవుడు నన్ను మంచిగ చేసిండని చెప్పినవు గద. నేనే మళ్ల ఖరాబ్ చేసుకున్ననా?"

ఏలియా చేతిలోని పని కింద పెట్టాడు. తను సంపాదించుకున్న అన్న అనే పిలుపుకు ఇన్నాళ్లూ ఎవరు ఖరీదు చెల్లిస్తున్నారో అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"నువ్వేం ఖరాబ్ చెయ్యలే బిడ్డా. నువ్వు మంచిగ కాకముందే నేను తొందరపడి చెప్పిన."

మహిమ ఆ మాటను మాత్రం చివరిదాకా వింది.

మర్నాడు పొద్దున మంచిర్యాల బస్టాండులో, దాక్కుందామంటే చోటు లేకుండా, రాయమల్లు ఎదురొచ్చాడు. ఎటు ప్రయాణమన్నాడు. చుట్టాల పెళ్లి అనే మాట ఏలియా నాలుక చివరిదాకా వచ్చింది.

"కరీంనగర్ దవాఖానకు. బిడ్డకు దేని మీద మనసు నిలుస్తలేదు. డాక్టర్‌కు చూపిస్త."

"మరి నువ్వు చెప్పిన సాక్ష్యం?"

"అది తప్పు సాక్ష్యం. వచ్చే ఆదివారం నేనే లేచి చెప్త."

రాయమల్లు పక్కకు జరిగి దారిచ్చాడు. ఈసారి అన్నా అని పిలవలేదు. క్యాథరిన్ అప్పటికే బస్సెక్కి కూర్చుంది. మహిమ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది, లేచి అవతలి కిటికీకి పోయింది, అక్కడి నుంచి వెనక సీటుకు పోయింది. బస్సులోవాళ్లు తలలు తిప్పి చూస్తున్నారు. రాయమల్లు కింద నిలబడి చూస్తున్నాడు. ఏలియా సంచి చంకన పెట్టుకుని, కూర్చో అని ఒక్కసారి కూడా అనకుండా, బిడ్డ ఏ సీటుకు పోతే ఆ సీటుకు పోయి పక్కన కూర్చున్నాడు.