కిటికీలో రాత్‌రాణి

పొద్దు గూకుతుంది. కిటికీలోంచి వాసన లోపలికి దిగుతుంది.

మెత్తగా. బంకలాగా.

ముందు గొంతులోకి... తర్వాత అన్నంలోకి.

భూదేవి కంచం పక్కకు నెట్టింది. పప్పులోనూ అదే. తాగే నీళ్లలోనూ అదే. మాగి మాగి కుళ్లిన పండులాగా. శవం పక్కన వెలిగించిన అగరుబత్తిలాగా.

రాత్‌రాణి.

పాత పెయింటు డబ్బాలోంచి కిటికీ చువ్వలు పట్టుకుని పాకిన మొక్క. పగలంతా ఏమీ ఎరగనట్టు ఉంటుంది. చీకటి పడగానే తెలుపు తిరిగిన పచ్చని సన్న పూలు, గుత్తులు గుత్తులుగా నోళ్లు తెరుస్తాయి.

కిటికీ కింద బమ్రోలి మురికి కాలువ. మిల్లుల నీళ్లు. ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా, ఎప్పుడూ నురగతో. ఆ కంపుకు భూదేవి ఓర్చుకుంది. కంపు కంపులాగే ఉండేది. దాని మీద ఈ తీపి పూసినప్పటి నుంచే కడుపులో తిప్పుతోంది.

తెచ్చింది మొగుడే.

గంగారాంది పండేసరలో బట్టలకు రంగులేసే మిల్లులో, సెలవు లేని నైట్ డ్యూటీ. పెళ్లాం రోజంతా ఈ కంపులో కూర్చుని చీరలకు రాళ్లు అంటిస్తోందని, నర్సరీ నుంచి మొక్కను ఒళ్లో పెట్టుకుని షేర్ ఆటోలో తెచ్చాడు.

ప్రతి పొద్దునా అతనే నీళ్లు పోస్తాడు. బియ్యం కడిగిన నీళ్లు, మరిగించి పారేసే చాయ్‌పత్తి. ఎండ తగిలేలా డబ్బా తిప్పుతాడు. బిడ్డ తలలో పేలు చూసినట్టు ఎండుటాకులు ఏరుతాడు.

అతను వచ్చేసరికి పూలు ముడుచుకుంటాయి. విచ్చుకునేసరికి అతను ఉండడు.

పూసిందా అని అడుగుతాడు. పూసిందంటుంది.

వాసన మంచిగుందా అంటాడు. మంచిగుందంటుంది. ఇంకేమంటుంది... రాత్రంతా ఉడికే రంగుల ముందు నిలబడి వచ్చిన మనిషితో.

ఒకసారి ఓర్వలేక కత్తెర పట్టింది. కొమ్మలన్నీ మొదలంటా కత్తిరించింది. చస్తుందనుకుంది.

గంగారాం చూసి మురిసిపోయాడు. నర్సరీవాడు అచ్చం ఇట్లనే కత్తిరించమన్నాడట. నీకెట్ల తెలిసిందే అన్నాడు.

వానలు పడ్డాయి. రెట్టింపు కొమ్మలు. రెట్టింపు పూలు.

రెట్టింపు వాసన.

ఆ పూలంటే రోత. ఆ కాలువంటే రోత. పొద్దున అతని చొక్కాలోంచి కొట్టే మిల్లు మందుల ఘాటన్నా రోతే. మొన్న చూసుకోక పులిసిన పప్పు వడ్డించింది. తను మొదటి ముద్దే ఉమ్మేసింది. అప్పటికి అతను కంచం ఊడ్చేశాడు. ఛీ, ఎట్ల తిన్నవంటే, ఆకలి మీదున్న అని నవ్వాడు.

ఈ వారం డ్యూటీ పగటికి మారింది.

పొద్దు గూకే వేళకు గంగారాం ఇంట్లో ఉన్నాడు. స్నానం చేసి, ఉతికిన బనీను తొడుక్కుని, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు కిటికీ ముందు కూర్చున్నాడు.

పూలు విచ్చుకున్నాయి. గది నిండిపోయింది. భూదేవి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

గంగారాం వంగాడు. పీల్చాడు. గుత్తిలో మొహం పెట్టి మళ్లీ పీల్చాడు...

"ఏందే, వాసనే లేదు."

భూదేవి కొంగు చాటు నుంచి అతన్ని చూసింది.

"నర్సరీవాడు మోసం జేసిండు. రేపు పీకి కాల్వల పారేస్త."

రేపు పీకేస్తాడు. కిటికీ ఖాళీ అవుతుంది. అన్నం అన్నంలాగా ఉంటుంది.

ఊరుకుంటే చాలు.

పులిసిన పప్పు గుర్తొచ్చింది. పక్కనే పాలు పొంగి మాడినా అతను లేవని రోజు గుర్తొచ్చింది. మిల్లులో కొత్తలో ముక్కు మండేదనీ, ఇప్పుడేం తెలుస్తలేదనీ, అలవాటైందనీ గొప్పగా చెప్పిన రోజు...

అలవాటు కాదది.

 

కొంగు తీసేసింది.

"వస్తున్నది," అంది. "ఇల్లంత అదే ఉన్నది. నీకే వస్తలేదు."

గంగారాం నవ్వబోయాడు. ఆమె మొహం చూసి ఆగాడు. ఒక పువ్వు తుంచి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకొకటి. ఇంకొకటి... వేళ్లు పచ్చగా తడిశాయి.

కింద కాలువది ఇవాళ ఏ రంగో, చీకట్లో తెలియడం లేదు.

ఆ వేళ్లు చూసుకుంటూ అడిగాడు.

"ఎట్లుంటదే?"

భూదేవి నోరు తెరిచింది —

వాసన లోపలికి దిగింది. మెత్తగా. బంకలాగా.

ముందు గొంతులోకి...