బొటనవేలి పక్క కుట్టు

పిల్ల బడిలో పెదవి విప్పి రెండేళ్లు దాటింది. ఇంట్లో తల్లితో మాట్లాడేది. అదీ గుసగుసగా, కుట్టుమిషను ఆగినప్పుడు మాత్రమే. బడి గేటు దాటిందంటే ఇక బెల్లం కొట్టిన రాయే.

తల్లి, పాత బట్టలు సరిచేసే దుకాణంలో దర్జీ. పదమూడేళ్లుగా ఆమె పని ఒక్కటే: విడినదాన్ని కలపడం. ఆమె చేయి పడ్డాక కుట్టు ఎక్కడుందో ఆ బట్ట వేసుకున్నవాళ్లకే తెలిసేది కాదు. పక్కన గుండీలకు కాజాలు కుట్టే ఆవిడను అందరూ కాజాలక్క అంటారు. ఆమె చేయి ఆగినా నోరు ఆగదు.

"నీ నోట్లో సగం మా పిల్లకివ్వక్కా," అనేది తల్లి.

"సగమెందుకే, మొత్తం పట్టుకుపో. మా ఆయన నీకు వంగి దణ్ణం పెడతాడు."

ఆ ఏడు బడిలో డ్రాయింగ్ మాస్టారు బొమ్మలాట క్లబ్బు పెట్టారు. చేరిన పిల్లలు తొమ్మిది మంది. ఒక్కొక్కరికీ ఒక పాత ఉన్ని చేతితొడుగు ఇచ్చి, దానికి కళ్లూ చెవులూ అతికించుకోమన్నారు. క్లబ్బుకు ఒకటే నియమం: బొమ్మల మాట గది దాటకూడదు. తలుపు మూసేవారు. బయటివాళ్లు వింటారన్న భయం లేనప్పుడే పిల్లలు మాట్లాడతారని ఆయన నమ్మకం. ఆ నమ్మకం తప్పు కాదు.

నాలుగో వారం ఆయన గేటు దగ్గర తల్లి కోసం నిలబడి ఉన్నారు.

"అమ్మా, మీ అమ్మాయి ఇవాళ మాట్లాడింది."

"ఎవరితో మాస్టారూ?"

"నాతో కాదు, పిల్లలతోనూ కాదు. ఆమె బొమ్మ పక్క బొమ్మతో మాట్లాడింది. 'నీ చెవి ఊడిపోతోంది, చూసుకో' అంది. నియమం తప్పి చెబుతున్నాను, మీరు మాత్రం తనని అడక్కండి."

తల్లి అడగలేదు. అడగకపోవడమే తన వంతు సాయమనుకుంది. పిల్ల ఆ తరవాత ఇద్దరు ఆడపిల్లల పక్కన కూర్చుని అన్నం తినడం మొదలుపెట్టింది. పొద్దున్నే కడుపునొప్పి అనడం మానేసింది. బుధవారాలు క్లబ్బు రోజులు. ఆ రోజుల్లో చెప్పులు తనే ముందు తొడుక్కునేది.

పెద్దటీచరు గారు చెడ్డమనిషి కాదు, కానీ ఆమె ముందు కాగితం ఉంది. రెండేళ్లుగా నోటి పరీక్షల గడులు ఖాళీ. ఈ టర్ము ముగిసేలోగా టీచర్ల ఎదుట పిల్ల ఒక్క వాక్యమైనా మాట్లాడకపోతే, ఊరి అవతల మాటరాని పిల్లల కోసం ఉన్న బడికి మార్చక తప్పదన్నారు.

"దానికి మాట రాకపోవడమేంటి మేడం? వచ్చు!" అంది తల్లి.

"మేమెవరమూ వినలేదు కదమ్మా."

మాస్టారు బతిమాలారు. టర్ము చివర తల్లిదండ్రుల కోసం బొమ్మలాట ఉంది, ఆ రోజు వినండి అన్నారు. తెర వెనుక నుంచి బొమ్మ మాట్లాడినా లెక్కేనని పెద్దటీచరు ఒప్పుకున్నారు.

ప్రదర్శనకు మూడు రోజుల ముందు, ఉతికి పంపమని బొమ్మలను ఇళ్లకిచ్చారు. తల్లి ఆ తొడుగును చూడటం అదే మొదటిసారి. ఒక కన్ను గుండీ, ఇంకో కన్ను రంగు. మురికి. బొటనవేలి పక్క కుట్టు రెండంగుళాల మేర విడిపోయి, అంచుల్లో ఉన్ని పోగులు వేలాడుతున్నాయి. ఆదివారం మధ్యాహ్నం పిల్ల నిద్రపోతుంటే ఆమె దాన్ని ఉతికి, ఆరేసి, ఒడిలో పెట్టుకుంది. అదే రంగు ఉన్ని వెతికి తెచ్చి, లోపలివైపు నుంచి కనబడకుండా కుట్టింది. జీవితంలో అంత శ్రద్ధగా ఏ బట్టా కుట్టలేదు. తరవాత, దుకాణంలో అలవాటు ప్రకారం, కాగితంలో మడిచి పిన్ను పెట్టింది.

"అక్కడికెళ్లేదాకా విప్పకు తల్లీ, నలిగిపోతుంది."

పిల్ల విప్పలేదు. చెప్పిన మాట దాటే పిల్ల కాదు.

ప్రదర్శన రోజు తల్లి మూడో వరసలో కూర్చుంది. కాజాలక్క కూడా పని మానుకుని వచ్చింది. తెర మీద ఒక బొమ్మ, రెండో బొమ్మ, తరవాత పిల్ల బొమ్మ పైకి వచ్చాయి. పక్క బొమ్మ అడిగింది: "నువ్వెవరు?"

తొడుగు కదిలింది. లోపల బొటనవేలు ఆ పక్కన తోస్తోంది. ఒకసారి, రెండుసార్లు, మళ్లీ. కుట్టు వీడలేదు, ఆమె కుట్లు వీడవు. పక్క బొమ్మ నోరు కూడా అలాగే ఉంది: బొటనవేలి పక్కన పీకి తెరిచిన చీలిక. తొమ్మిది బొమ్మలకూ అంతే. అప్పుడు అర్థమైంది తల్లికి.

"అయ్యో, అది నోరే!" అంది కాజాలక్క, గుసగుసగా, జన్మలో మొదటిసారి.

తల్లి లేచి తెర వెనక్కు పరుగెత్తింది. తొడుగు తీసుకుని, సంచిలోని దారం కత్తెరతో కుట్టు తెంపింది. తొందరలో కొంత ఉన్ని కూడా తెగింది. పిల్ల చేయి చాపి నిలబడింది. తొడుగు తొడిగించుకుంది. గదిలో యాభైమంది చూస్తున్నారు. ఆమె హడావుడికి తెర పక్కకు జరిగిపోయి, పిల్ల అందరికీ కనిపిస్తోంది. బొటనవేలు చీలికలోంచి బయటికి వచ్చి, అలాగే ఆగిపోయింది.

పెద్దటీచరు చాలాసేపు ఆగారు. ఆ తరవాతే కలం తీసి, కాగితం మీద బడి మార్పు రాశారు.

"నోరని నేను చెప్పి ఉండాల్సింది," అన్నారు మాస్టారు గేటు దగ్గర.

"నేను అడిగి ఉండాల్సింది."

గేటు దగ్గర ఆ ఒక్కసారి తప్ప, ఇద్దరూ నియమం పాటించారు. పిల్లకు మాటనిచ్చింది ఆ నియమమే, దాన్ని మూసిందీ అదే. మూసిన చేయి మాత్రం ఆమెది.

ఇప్పుడు పిల్ల వేరే బస్సెక్కి ఊరి అవతలకు వెళ్తోంది. అక్కడ క్లబ్బు లేదు, బుధవారం లేదు. తొడుగు మిషను పక్కన ఉంది. తల్లి దాని జోలికి వెళ్లదు. ఇంటికి తెచ్చుకున్న పని ఆలస్యమవుతోందని దుకాణంలో విసుక్కుంటున్నారు. నిజమే. పది కుట్లకోసారి ఆమె మిషను ఆపుతుంది. పిల్ల ఎదురుగానే కూర్చుని ఉంటుంది. ఆ గుసగుస కోసం కాసేపు వింటుంది. మళ్లీ తొక్కుతుంది.