కాగితం వెనక సంతకం

భర్త దైవాశీర్వాదం పోయిన తొమ్మిది నెలలకు జ్ఞానమ్మ చేతికి అరవై నాలుగు షేర్లు వచ్చాయి. పదకొండేళ్లు కార్ల కంపెనీలో డ్రాయింగులు గీసిన మనిషి, నెలనెలా జీతంలోంచి కోయించుకుని కొన్నవి. అన్నీ కలిపి ఒక్కటే కాగితం. ఆకుపచ్చ అంచుతో పెళ్లి శుభలేఖలా దర్జాగా ఉంది. డెత్ సర్టిఫికెట్ కాపీ జతచేసి ఉత్తరం రాస్తే కంపెనీవాళ్లు పైసా తీసుకోకుండా ఆమె పేరుకు మార్చి పంపారు. ఆ ఉత్తరం ఎవరి సాయమూ లేకుండా తనే రాసుకుంది. అందుకు లోలోపల కాస్త గర్వంగానే ఉండేది.

చిక్కంతా అమ్మడం దగ్గర వచ్చింది. రెండు బస్సులు మారి డెట్రాయిట్‌లో బ్రోకర్ ఆఫీసుకు వెళితే, వంద షేర్లకు తక్కువైతే రేటు వేరన్నారు. దాని మీద కమీషన్, ఆ పైన ఇంకేదో చార్జీ. అన్నీ పోను మిగిలేదెంతో జ్ఞానమ్మ తిరుగు బస్సులో వేళ్ల మీద లెక్క వేసుకుంది. ఒక సెమిస్టర్ ఫీజు గాలికి పోతోంది.

ఆ ఫీజు మీదే ఆమె బతుకంతా ఆధారపడి ఉంది. గోదావరి జిల్లా మిషన్ ఆస్పత్రిలో ఎనిమిదేళ్లు స్టాఫ్ నర్సు ఆమె. వార్డు మొత్తం ఆమె కంటిచూపుతో నడిచేది. ఇక్కడ లైసెన్సు లేదు కాబట్టి నోవై దగ్గర ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో ఎయిడ్, అంటే ఆయా పని. ముసలివాళ్లను ఎత్తి కూర్చోబెట్టడం, ఒళ్లు తుడవడం, దుప్పట్లు మార్చడం. నిన్నగాక మొన్న పాసైన ఇరవై రెండేళ్ల పిల్ల వచ్చి బీపీ ఎలా చూడాలో చెబుతుంటే బుద్ధిగా తలూపాలి. కమ్యూనిటీ కాలేజీలో ఏడాది కోర్సు చేసి పరీక్ష రాస్తే మళ్లీ నర్సు అవుతుంది. ఆ ఏడాదీ డ్యూటీ తగ్గించుకోవాలి గనక ఫీజుకూ అద్దెకూ ఆ షేర్లే దిక్కు. 1982 సెప్టెంబర్ ఏడు, మంగళవారం నుంచి క్లాసులు. ఆ పొద్దున కౌంటర్లో డబ్బు కట్టకపోతే సీటు ఇంకొకరిది. ఆమెకు అప్పటికే నలభై రెండు నిండాయి.

ఇదంతా ప్రేమానందానికి తెలుసు. తెలియకేం, కోర్సుకు అప్లికేషన్ నింపింది ఆయనే. దైవాశీర్వాదానికి ప్రాణస్నేహితుడు, తెలుగు చర్చికి ట్రెజరర్. భార్యాభర్తలిద్దరూ ఈ దేశంలో దిగిన రోజు ఎయిర్‌పోర్టుకు చలికోట్లు తెచ్చింది ఆయన. మొన్న సమాధి దగ్గర పెట్టెకు భుజం పట్టిందీ ఆయనే. జ్ఞానమ్మకు కారు నడపడం రాదు. పొద్దున డ్యూటీకీ, ఆదివారం చర్చికీ దింపేదీ ఆయనే. అన్నయ్యా అని మొదట్లో మర్యాదకే పిలిచినా, ఈ తొమ్మిది నెలల్లో ఆ పిలుపు నిజమైపోయింది.

"బ్రోకర్‌గాడి పాలు చెయ్యడం దేనికి చెల్లెమ్మా?" అన్నాడాయన జూలైలో ఒక శనివారం, ఆమె వంటింటి బల్ల దగ్గర కాఫీ తాగుతూ. "వాళ్ల దగ్గరే చర్చ్ పేరు మీద అకౌంట్ ఓపెన్ చేశాం కదా. చర్చ్ అంటే వాళ్లు ఫీజు వెయ్యరు. సర్టిఫికెట్ వెనక చర్చ్ పేరు రాసి సైన్ చెయ్. సైన్ నీదేనని బ్యాంక్‌లో స్టాంప్ వేయించు, అదీ ఫ్రీయే. సేల్ అవగానే నీకు చెక్ రాసిస్తా."

"చర్చ్ పేరు రాయాలా అన్నయ్యా?"

"అకౌంట్ ఎవరిదైతే వాళ్ల పేరు ఉండాలి కదమ్మా. పేపర్ మీద మాటే."

బ్యాంకులో స్టాంపు వేసే పెద్దావిడ కాగితం తిప్పి చదివి, ఇది డొనేషనా అని అడిగింది. కాదు, అమ్మడానికే అంది జ్ఞానమ్మ. సంతకం పెట్టాక ఇది వాళ్లదైపోతుంది సుమా అని ఆవిడ మళ్లీ హెచ్చరించింది. వాళ్లు మావాళ్లే అని జ్ఞానమ్మ కాస్త చిరాగ్గానే జవాబిచ్చింది. సొంత అన్నదమ్ముల మధ్య కూడా రసీదు అడిగే మనుషులు వీళ్లు అనుకుంది.

ఆ సాయంత్రం ప్రేమానందం షేర్ల కాగితం ఉన్న కవరు ఆమె వంటింటి బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాడు. ఆయన ప్రార్థన ఎప్పుడూ పొడుగే. వీసాకీ, జ్వరానికీ, కారు టైరుకీ కూడా "నీ పాదాల చెంత ఉంచుతున్నాం ప్రభువా" అంటాడు. ఈసారి దైవాశీర్వాదం కష్టార్జితాన్నీ, కట్టబోయే మందిరాన్నీ, విధవరాలి కానుకనూ కలిపి పాదాల చెంత ఉంచాడు. పొయ్యి మీద అన్నం మాడుతుందేమోనని జ్ఞానమ్మ ఒక చెవి అటు పెట్టింది. ఆయన ఆపగానే అలవాటుగా ఆమేన్ అంది.

ఆగస్టులో చెక్కు గురించి అడిగితే, మార్కెట్ పైకి పోతోంది, వారం ఆగుదాం అన్నాడు. తర్వాత పోస్టులో ఉందన్నాడు. ఆయన మాట మీద ఆమె నర్సింగ్ హోమ్‌లో డ్యూటీలు సగానికి తగ్గించమని రాసిచ్చేసింది.

సెప్టెంబర్ అయిదు, ఆదివారం. అద్దెకు తీసుకున్న బేస్‌మెంట్‌లో ఆరాధన అయ్యాక ప్రేమానందం మైకు పట్టుకున్నాడు. సొంత మందిరానికి శుక్రవారం అడ్వాన్స్ కట్టేశామని చెప్పాడు. భర్త షేర్లన్నీ దేవునికిచ్చిన సిస్టర్ జ్ఞానమ్మ గారి కానుకతోనే అది సాధ్యమైందని, ముందు హాలుకు బ్రదర్ దైవాశీర్వాదం పేరు పెడుతున్నామని చెప్పాడు. అరవైమందీ లేచి నిలబడ్డారు. వెనక వరసలో ఎవరో ఏడ్చారు కూడా.

జ్ఞానమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ అంచు పట్టుకుంది. ఈ షేర్లు నీ నర్సు టోపీకే, జ్ఞానం, అనేవాడు దైవాశీర్వాదం, ప్రతి నెలా జీతం స్లిప్పు చూపిస్తూ. పెద్ద ప్రసంగాలకు హాయిగా కునుకు తీసే మనిషి పేరు ఇప్పుడు ఒక హాలుకు.

పార్కింగ్ లాట్‌లో ప్రేమానందాన్ని పట్టుకుంది.

"అన్నయ్యా, ఎల్లుండి నా ఫీజు కట్టాలి."

"దేవుడు చూస్తాడమ్మా. నెక్స్ట్ ఇయర్ కూడా కోర్స్ ఉంటుంది."

"చెక్ ఇస్తానన్నారు. నా వంటింట్లో కూర్చుని అన్నారు."

"అప్పుడు అలాగే అనుకున్నా. ప్రేయర్‌లో ఉండగా దేవుడు వేరే బయలుపరిచాడు. నీ ముందే కదా ప్రే చేశాను. మందిరం అన్నాను, కానుక అన్నాను. నువ్వు ఆమేన్ అన్నావు." కోపం లేదు, సిగ్గూ లేదు, పిల్లకు పాఠం చెబుతున్నట్టే ఉన్నాడు.

"అది ప్రార్థనకి అన్న ఆమేన్. నా డబ్బుకి కాదు."

ఆయన భార్య సుమతి ఆమె మోచెయ్యి పట్టుకుంది. "దేవుడికిచ్చింది వెనక్కి అడక్కూడదు సిస్టర్. అందరూ చూస్తున్నారు."

నిజంగానే చూస్తున్నారు. ఆమె చేతులు నొక్కి మీ త్యాగం గొప్పదని చెప్పడానికి నలుగురైదుగురు ఆడవాళ్లు వరసలో నిలబడి ఉన్నారు. వాళ్లకు ఏమని చెప్పాలి? ఇవ్వలేదు, తీసుకున్నారు అంటే, కాగితం వెనక సంతకం ఆమెది. పక్కన బ్యాంకు స్టాంపు కూడా ఉంది. ఒక్కొక్కరూ వచ్చి చేతులు నొక్కారు. ఆమె నొక్కించుకుంది. పరాయివాడెవడో ఎత్తుకుపోయి ఉంటే పోలీసులకు చెప్పేది, వీధిలో నిలబడి ఏడ్చేది. అన్నయ్యా అని పిలిచిన నోటితో ఆయన్ని దొంగ అనడానికి మాట రాలేదు.

నెమ్మదిగా లాట్ ఖాళీ అయింది. ఇల్లు ఆరు మైళ్లు. ఆదివారం ఆ దారిలో బస్సు లేదు. ప్రేమానందం కారు వెనక తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. జ్ఞానమ్మ చాలాసేపు కదల్లేదు. చివరికి ఎక్కి కూర్చుంది.

సగం దారిలో సిగ్నల్ లైటు దగ్గర ఆగినప్పుడు ఆయన అడిగాడు.

"మరి ట్యూస్‌డే నుంచి ఫుల్ డ్యూటీ మళ్లీ అడుగుతావా చెల్లెమ్మా?"

"మంగళవారం నేను కాలేజీకి వెళ్లాలి. మీకు తెలుసు."

ఆయన చెయ్యెత్తి, ఆమె ముఖం కనబడకుండా అద్దం పక్కకు తిప్పుకున్నాడు.

"డ్యూటీకి ఎన్నింటికి రమ్మంటావ్ కారు తీసుకుని?"

చెప్పకపోతే పని కూడా పోతుంది. పని పోతే అద్దె లేదు. జ్ఞానమ్మ ఒళ్లో చేతులు బిగించి పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూసింది.

"ఆరున్నరకి" అంది.