చిక్కుడు గింజల నాగు

అశోక్‌నగర్‌లో ఒక చిన్న కాఫీ దుకాణం ఉండేది. అరకు కొండల్లో కాఫీ పండించే కుటుంబాల దగ్గర న్యాయమైన ధరకు కొని, ఇక్కడ పొట్లాలు కట్టి అమ్మేవారు. ఆ పొట్లాలు కట్టడానికి నేను చిక్కడపల్లి నుంచి నడిచి వెళ్లేదాన్ని.

కాఫీ పంట ఏడాదికి ఒక్కసారే. వానాకాలం వచ్చేసరికి ఆ ఇళ్లలో కూరకు కటకటగా ఉంటుందట. అందుకని పెరట్లో వేసుకోవడానికి వాళ్లకు కూరగాయల విత్తనాలు పంపాలని దుకాణం నడిపే సంయుక్త అనుకుంది. 2012 ఎండాకాలంలో ఆ విత్తనాలు కూడా నేనే సర్దాను.

అప్పుడే మా ఇంటి ఓనరు గోవర్ధన్ గారు మేడ మీద సిమెంటు వేయించాలి, చిక్కుడు పాదు తీసెయ్యమన్నారు. నేను ఉండేది ఆ మేడ మీది రేకుల గదిలో. ఆ పాదు మా ఆయన పెట్టింది. పాలమూరు నుంచి పనికి వచ్చేటప్పుడు వాళ్లమ్మ రుమాల్లో కట్టి ఇచ్చిన గింజలు. ఏటా ఆ పాదు గింజలే మళ్లీ నాటేవాడు. ఆయన పోయాక నేను నాటాను. పని నుంచి రాగానే నీళ్లు పోస్తూ, ఆ రోజు ఎవరేమన్నారో దానికే చెప్పుకునేదాన్ని. వినడానికి ఇంకెవరున్నారు?

పాదు పీకిన రోజు, ఎండుకాయలు ఒలిస్తే గుప్పెడు గింజలు వచ్చాయి. దాచుకుంటే పురుగు పడుతుంది. నాటుకుందామంటే జాగా లేదు. తీసుకెళ్లి సంయుక్త చేతిలో పోశాను.

"ఇవి నాగుకు ఇస్తున్న బిడ్డా," అన్నాను.

నాగు అంటే ఏమిటని అడిగింది. విత్తనాలిచ్చి, పంట వచ్చాక కొంచెం కలిపి తిరిగి తీసుకోవడమని చెప్పాను. నవ్వింది.

"సాయం జేసి మళ్ల అడుగుతమా అవ్వా? ఉట్టిగనే ఇస్తున్నం గద."

"ఉట్టిగ ఇస్తే తిని మర్చిపోతరు. నాగుకిస్తే ఇచ్చినోళ్లు యాదికుంటరు. చిక్కడపల్లి సత్తవ్వ ఇచ్చిందని చెప్పు."

ఆ వానాకాలమంతా, ఇక్కడ వాన పడితే అక్కడ మొలకెత్తాయనుకునేదాన్ని. చలికాలంలో కొండల నుంచి కాఫీ బస్తాలు వచ్చాయి. నాగు గింజలేమైనా పంపారేమోనని, కుమ్మరించే ముందు ఒక్కొక్కదాని అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికాను. బంగారమేమన్న దొరికిందా అని నాతో పనిచేసే కురుమమ్మ ఆటపట్టించింది. కాఫీ గింజలు తప్ప ఏమీ లేవు. తెలంగాణ బందుల రోజుల్లో దుకాణం మూసేవారు. సిమెంటు వేసిన ఖాళీ మేడ చూస్తూ గదిలో కూర్చునేదాన్ని.

మరుసటి చలికాలం సంయుక్త స్వయంగా అరకు వెళ్లింది. తిరిగి వచ్చి నా ముందు ఆకుల పొట్లం పెట్టింది. విప్పితే లేత చిక్కుడుకాయలు. అంచుకు మా పాదు కాయలకున్న ఎరుపే. నా గింజలు వేసిన ఇంట్లో పోయినేడు పండిన గింజలు చుట్టుపక్కల ఇళ్లవాళ్లు నాగుకు పట్టుకుపోయారట, ఇప్పుడు ఊళ్లో సగం పెరళ్లలో ఈ పాదే ఉందట.

"నాగు తీరిందని అవ్వకు చెప్పమన్నరు. కూర వండుకో," అంది.

గదికి తెచ్చుకుని వండాను. ఒక్కదానికి ఎక్కువే అయింది. మా ఆయన ఉంటే గిన్నె అడుగు గీకేవాడు. రుచి ఏమీ మారలేదు. గిన్నె అడుగు నేనే గీకాను.

తెల్లారి దుకాణానికి వెళ్లగానే సంయుక్తతో అన్నాను.

"పచ్చికాయలతోటి నాగు తీరదు బిడ్డా. గింజలకు గింజలే ఇయ్యాలె. తీరలేదని చెప్పు."

"మేడ మీద జాగా లేదు గదవ్వా. ఏడ నాటుతవ్?"

"నాటేందుకు గాదు. తీరిందంటే మర్చిపోతరు."

సంయుక్త ఫోను తీసి, ఆ గింజలు వేసిన ఇంటావిడకు నా మాట చెప్పింది. అవతల ఎవరో గట్టిగా నవ్వారు. తర్వాత ఆవిడ పక్కనున్నవాళ్లకు ఏదో చెబుతుంటే, మధ్యలో నా పేరు వినిపించింది. ఇంకెవరో ఆ పేరే మళ్లీ అన్నారు.

సంయుక్త ఫోను పెట్టేసే దాకా, పొట్లం కట్టే దారం చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను.